డబ్బాలో ఉపగ్రహం

పాఠ్యాంశ పరిచయం

ఇది వైజ్ఞానిక వ్యాసం. విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడి శాస్త్ర పరికరాన్ని నిర్మించేటప్పుడు పనిని ఎలా పంచుకోవాలి, పంచుకొన్న పనిని తిరిగి ఎలా కలపాలి, తప్పులు సాధారణంగా ఏ చోట దొర్లుతాయి అనే విషయాలను ‘క్యాన్‌శాట్’ అనే చిన్న పరికరం ఆధారంగా ఈ పాఠం చర్చిస్తుంది. ఇంటర్మీడియట్ విద్యార్థులు తమ కళాశాలలోనే చేపట్టగలిగిన పని కాబట్టి ఈ పరికరాన్ని ఉదాహరణగా గ్రహించడం జరిగింది.

పాఠ్యభాగం

శీతల పానీయం తాగిన తరువాత మనం పారవేసే అల్యూమినియం డబ్బా ఒక ఉపగ్రహానికి శరీరం కాగలదని 1998లో ఒక అమెరికన్ ఆచార్యుడు ప్రతిపాదించారు. ఆయన పేరు బాబ్ ట్విగ్స్. అప్పుడాయన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. హవాయిలో జరిగిన ఒక సదస్సులో అమెరికా, జపాన్ విశ్వవిద్యాలయాల ఆచార్యుల ముందు ఆయన ఈ ఆలోచనను ఉంచారు. దీని వెనుక ఒక ఉపాధ్యాయుని బాధ ఉంది. నిజమైన ఉపగ్రహ నిర్మాణానికి ఏళ్లు పడుతుంది. పని మొదలుపెట్టిన విద్యార్థి అది ముగియకముందే పట్టా పుచ్చుకొని వెళ్లిపోతాడు. విత్తనం నాటినవాడు పంటను చూడడు. పంట కోసేవాడికి విత్తనం సంగతి తెలియదు. ఒక విద్యాసంవత్సరంలో ఆలోచన నుంచి ప్రయోగం దాకా అన్ని దశలనూ ఒకే విద్యార్థి చూడాలంటే పరికరం చిన్నదై ఉండాలి, చవకైనదై ఉండాలి, విఫలమైతే మళ్లీ చేసుకోగలిగినదై ఉండాలి. డబ్బా ఈ మూడు షరతులకూ సరిపోయింది.

మరుసటి సంవత్సరమే, అంటే 1999లో, నెవాడా రాష్ట్రంలోని బ్లాక్ రాక్ ఎడారిలో విద్యార్థులు చేసిన డబ్బాలను ఔత్సాహికుల రాకెట్లు సుమారు 4 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకొనిపోయి విడిచిపెట్టాయి. అవి ప్యారాచూట్ల సాయంతో దిగుతూ రేడియో ద్వారా సమాచారం పంపాయి. అదే ఏడు ట్విగ్స్, కాలిఫోర్నియాకు చెందిన జోర్డి ప్యూగ్-సువారీ అనే ఆచార్యుడు కలిసి 10 సెంటీమీటర్ల భుజం గల ‘క్యూబ్‌శాట్’ నమూనాను రూపొందించారు. డబ్బాలతో చేయి తిరిగిన టోక్యో విశ్వవిద్యాలయం, టోక్యో సాంకేతిక విద్యాసంస్థల విద్యార్థులు 2003 జూన్ 30న తమ క్యూబ్‌శాట్లను రష్యా రాకెట్‌పై నిజంగానే కక్ష్యలోకి పంపగలిగారు. ఎడారిలో రాలిపడిన డబ్బాకూ, భూమిని చుట్టివచ్చిన పెట్టెకూ నడుమ గడిచింది నాలుగేళ్లు మాత్రమే.

క్యాన్‌శాట్ కక్ష్యలో తిరగదు. కాబట్టి దానిని ఉపగ్రహం అనడం వాచ్యార్థంలో సరికాదు. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే అది లక్ష్యార్థం. అయితే ఉపగ్రహానికి ఉండవలసిన అంగాలన్నీ దానికి ఉన్నాయి. శక్తినిచ్చే బ్యాటరీ, పరిసరాలను గ్రహించే సెన్సర్లు, గ్రహించినదానిని లెక్కగా మార్చే చిన్న కంప్యూటరు బోర్డు, ఆ లెక్కను నేలకు పంపే రేడియో, వీటన్నిటినీ పట్టి ఉంచే చట్రం - ఏ ఒక్కటి లేకపోయినా మిగిలినవి నిరుపయోగమే. శాస్త్రం, సాంకేతికం, ఇంజనీరింగు, గణితం అనే నాలుగింటినీ కలిపి బోధించడాన్ని నేడు ‘స్టెమ్’ విద్య అంటున్నారు. ఆ నాలుగూ ఇంత చిన్న చోట ఇంత ఇరుకుగా కలిసి ఉండే పరికరం మరొకటి అరుదు.

ఐరోపా అంతరిక్ష సంస్థ ఉన్నత పాఠశాలల విద్యార్థులకు ఈ పోటీని ఏటా నిర్వహిస్తున్నది. ఆ పోటీ నియమాలు చదవదగినవి. డబ్బా ఎత్తు 115 మిల్లీమీటర్లు, వ్యాసం 66 మిల్లీమీటర్లు మించరాదు. బరువు 300 గ్రాములకు తగ్గరాదు, 350 గ్రాములను మించరాదు. బ్యాటరీ నాలుగు గంటలపాటు నిరంతరాయంగా పనిచేయాలి. ఉష్ణోగ్రతనూ వాయుపీడనాన్నీ కొలిచి కనీసం సెకనుకు ఒకసారి నేలకు పంపాలి. గురుత్వ త్వరణానికి 20 రెట్ల త్వరణాన్ని తట్టుకోవాలి. మొత్తం ఖర్చు 500 యూరోలకు లోబడి ఉండాలి. ఇవి చూడగానే విసుగు పుట్టించే షరతుల వలె తోచవచ్చు. కాని ప్రతి నియమం వెనుక ఒక కారణం ఉంది. డబ్బా గాలిలో ఉండేది రెండు నిమిషాలే అయినప్పుడు నాలుగు గంటల బ్యాటరీ ఎందుకు? రాకెట్‌లో అమర్చిన తరువాత గాలి తగ్గేదాకా, మబ్బు విడిపోయేదాకా వేచి ఉండాలి కాబట్టి. 20 రెట్ల త్వరణం ఎందుకు? రాకెట్ పైకి లేచే క్షణంలో 350 గ్రాముల డబ్బా 7 కిలోల బరువు గల వస్తువు వలె ప్రవర్తిస్తుంది. సరిగా అంటుకోని టంకం ఆ క్షణంలో ఊడిపోతుంది. నియమం కంటె ముందు దాని కారణాన్ని తెలుసుకొన్న బృందం నియమాన్ని భారంగా భావించదు.

ఇక బృందం సంగతి. ఆ పోటీలో ఒక్కొక్క జట్టుకు నలుగురు నుంచి ఆరుగురు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు ఉంటారు. ఈ సంఖ్య ఆలోచించి నిర్ణయించినదే. ఇద్దరైతే పని సాగదు. పదిమందైతే నలుగురు చేస్తారు, ఆరుగురు చూస్తారు. మన కళాశాలల్లో సాధారణంగా జరిగేది మరొకటి. ఎలక్ట్రానిక్స్ మీద మక్కువ గల ఒకే ఒక విద్యార్థి పనంతా తానే చేస్తాడు. తక్కినవారు పరికరం పక్కన నిలబడి ఫోటో దిగుతారు. ప్రదర్శన రోజున ఆ ఒక్కడికి జ్వరం వస్తే పరికరం మూగపోతుంది. దీనికి ప్రతిభ ఎక్కువ కావడం కారణమనడం న్యాయం కాదు. పని పంచడం చేతకాకపోవడమే కారణం.

ఎవరికి ఏ పని అప్పగించాలనే విషయంలో తొందరపడి ఎం.పి.సి. విద్యార్థులందరినీ ముందుకూ, తక్కినవారిని వెనుకకూ నెట్టడం మంచిది కాదు. బై.పి.సి. విద్యార్థికి చూసినదానిని చూసినట్లు బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసే అలవాటు ఉంటుంది. పరీక్షల ఫలితాలను నమోదు చేయడానికి అంతకంటె తగిన శిక్షణ లేదు. సి.ఇ.సి. విద్యార్థి ఖర్చుల పుస్తకాన్ని చక్కగా నిర్వహిస్తాడు. అంతకంటె ముఖ్యంగా, ఒక సెన్సరు పాడైతే మరొకటి కొనడానికి డబ్బు మిగిలి ఉందా లేదా అని మొదటి నెలలోనే హెచ్చరిస్తాడు. చట్రం తయారు చేసేవారు, సర్క్యూట్ చూసేవారు, ప్రోగ్రాము రాసేవారు, రేడియో సంకేతాన్ని నేలమీద అందుకొనేవారు, ప్యారాచూట్ కుట్టించేవారు - ఇలా ప్రతి భాగానికీ ఒక బాధ్యుడు ఉండాలి. ఆ బాధ్యుని పక్కన అదే పని తెలిసిన రెండవ మనిషి కూడా ఉండాలి. ఆరుగురిలో ప్రతి ఒక్కరూ ఒక భాగానికి ప్రధానంగా, మరొక భాగానికి సహాయంగా ఉంటే ఎవరికి జ్వరం వచ్చినా పని ఆగదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉంది. వైజ్ఞానిక ప్రదర్శనలకు సిద్ధమయ్యే చోట దస్తూరి బాగుంటుందని ఆడపిల్లల చేతికి చార్టులు, రంగు పెన్నులు ఇవ్వడం, సోల్డరింగ్ ఐరన్ మగపిల్లలు పట్టుకోవడం అనేక కళాశాలల్లో కనిపించే దృశ్యం. ఎవరూ దుర్బుద్ధితో చేసేది కాదు, అలవాటుగా జరిగిపోతుంది. ఫలితం మాత్రం చిన్నది కాదు. పదహారేళ్ల వయస్సులో తీగను తాకని చేయి ఇరవై ఏళ్ల వయస్సులో ప్రయోగశాలలో వెనుకాడుతుంది. కాబట్టి బృందంలోని ప్రతి ఒక్కరూ కనీసం ఒక టంకమైనా తమ చేతితో వేయాలనీ, ప్రతి ఒక్కరూ కనీసం ఒక పరీక్ష ఫలితమైనా తమ దస్తూరితో రాయాలనీ మొదటి సమావేశంలోనే నియమం పెట్టుకోవాలి. నాయకత్వం కూడా అడిగి తీసుకొనేవారికే కాక, అడగడానికి సంకోచించేవారికి కూడా ఒక దఫా అందేలా చూడాలి. నాయకుని పని అన్నీ తానే చేయడం కాదు. ఏ పని ఎక్కడ ఆగిందో ప్రతి వారం తెలుసుకొని, ఆగిన చోటికి మనుషులను పంపడమే ఆ పని.

పని పంచిన తరువాత అసలు చిక్కు మొదలవుతుంది. విడివిడిగా చక్కగా పనిచేసిన భాగాలు కలిపినప్పుడు పనిచేయవు. వ్యాకరణం చదివిన విద్యార్థికి ఇది వింత కానక్కరలేదు. పూర్వపదం సరైనదే, పరపదం సరైనదే. మార్పులన్నీ సంధి జరిగే చోటనే కలుగుతాయి. లోపమూ ఆగమమూ ఆదేశమూ అక్కడివే. యంత్రాలలోనూ అంతే. సెన్సరు 3.3 వోల్టులకు తయారైనది, బోర్డు 5 వోల్టులు ఇస్తుంది. రెండూ మంచివే, కలిపితే సెన్సరు కాలిపోతుంది. ఒకరు పీడనాన్ని పాస్కల్‌లలో పంపుతారు, మరొకరు హెక్టోపాస్కల్‌లని భావించి చదువుతారు. రెండింటికీ నూరు రెట్ల తేడా.

ఇటువంటి పొరపాటు విద్యార్థులకే పరిమితమని అనుకోరాదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1998 డిసెంబరులో అంగారకుని వాతావరణాన్ని పరిశీలించడానికి ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అనే నౌకను పంపింది. చిన్న ఇంజన్లు కలిగించే వేగ మార్పును భూమిమీది ఒక ప్రోగ్రాము పౌండ్లలో లెక్కించగా, దానిని అందుకొన్న మరొక బృందం న్యూటన్లుగా గ్రహించింది. తేడా సుమారు నాలుగున్నర రెట్లు. తొమ్మిది నెలలపాటు ప్రయాణించిన నౌక 1999 సెప్టెంబరు 23న అంగారకునికి ఉండవలసినదానికంటె చాలా దగ్గరగా వెళ్లి నాశనమైంది. రెండు బృందాలలోనూ నిపుణులే ఉన్నారు. వారి నడుమ ఉన్న సంధిని గమనించేవారు లేకపోయారు.

అందువల్ల పని పంచే రోజుననే ఒక ఒప్పంద పత్రం రాసుకోవడం అవసరం. ఒక్క పుట చాలు. ఏ భాగం ఏ భాగానికి ఏమి ఇస్తుంది, ఎన్ని వోల్టులు, ఏ ప్రమాణం, ఏ తీగ ఏ రంగు, డబ్బాలో ఎవరికి ఎన్ని మిల్లీమీటర్ల చోటు, ఎన్ని గ్రాముల బరువు అనే విషయాలు అందులో ఉండాలి. బరువు విషయంలో తగవులు తప్పవు. ప్రతివారికీ తమ భాగమే ముఖ్యం. పెద్ద బ్యాటరీ కావాలని ఒకరు, గట్టి చట్రం కావాలని మరొకరు పట్టుబడతారు. అటువంటప్పుడు మాటలతో తేల్చడం కంటె కిరాణా దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి తేల్చడం మేలు. మొదటే 350 గ్రాములు పంచుకోకుండా 320 గ్రాములే పంచుకొని, 30 గ్రాములు ఎవరికీ చెందకుండా మిగిల్చి ఉంచిన బృందం చివరి నెలలో సుఖపడుతుంది. టంకానికీ, తీగలకూ, జిగురుకూ కూడా బరువు ఉంటుందన్న సంగతి అప్పుడే తెలుస్తుంది.

ఈ సందర్భంలో మన సాహిత్యంలోని ఒక మహానిర్మాణం జ్ఞాపకానికి రాక మానదు. పదకొండవ శతాబ్దంలో నన్నయ ఆరంభించిన భారతాంధ్రీకరణం అరణ్యపర్వం నాల్గవ ఆశ్వాసంలో ఆగిపోయింది. పదమూడవ శతాబ్దంలో తిక్కన ఆ శేషాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరిదాకా పదిహేను పర్వాలు రచించాడు. నడుమ ఖాళీ మిగిలింది. పదునాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన దానిని పూరించాడు. పూరించేటప్పుడు తన ప్రత్యేకతను చాటుకోవడానికి ప్రయత్నించక, నన్నయ శైలితో మొదలుపెట్టి క్రమంగా తిక్కన శైలి వైపు సాగి, ఆ భాగాన్ని రాజరాజ నరేంద్రునికే అంకితంగా నిలిపాడు. ఒకరినొకరు చూడని ముగ్గురు, మూడు శతాబ్దాల ఎడంలో చేసిన పని అతుకు తెలియకుండా కలిసింది. మొదటి ఇద్దరి పనినీ శ్రద్ధగా చదివినవాడు కాబట్టే ఎఱ్ఱన ఆ అతుకు వేయగలిగాడు. ఒకే గదిలో కూర్చొన్న ఆరుగురికి పక్కవారి పని చదివే ఓపిక లేకపోతే అది కాలం చేసిన లోటు అనలేము.

ప్యారాచూట్ గురించి కొంత విస్తరించి చెప్పడం అవసరం. చాలా బృందాలు దీనిని చివరి వారానికి విడిచిపెడతాయి. గుడ్డే కదా అన్న చులకన అందుకు కారణం. స్థిరవేగంతో దిగే డబ్బా బరువూ, గాలి నిరోధమూ సమానం కావాలి. గాలి నిరోధం గుడ్డ వైశాల్యాన్ని బట్టీ, వేగం యొక్క వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. 350 గ్రాముల డబ్బా సెకనుకు 8 మీటర్ల వేగంతో దిగాలనుకొందాం. గాలి సాంద్రత ఘనమీటరుకు 1.2 కిలోలు, నిరోధ గుణకం 1 అని తీసుకొంటే గుడ్డ వైశాల్యం సుమారు 0.09 చదరపు మీటర్లు వస్తుంది. అంటే వ్యాసం సుమారు 34 సెంటీమీటర్లు, చేతిరుమాలు కంటె కాస్త పెద్దది. ఈ వేగంతో నేలను తాకడం సుమారు 3.3 మీటర్ల ఎత్తు నుంచి జారవిడవడంతో సమానం. చట్రం దానిని తట్టుకోవాలి.

మెల్లగా దిగితే క్షేమం కదా అని అనిపించవచ్చు. వేగాన్ని సగం చేయాలంటే వైశాల్యం నాలుగు రెట్లు కావాలి, వ్యాసం రెండు రెట్లు కావాలి. అంత గుడ్డను మడిచి పెట్టడానికి డబ్బాలో చోటు చూడాలి. పైగా ఒక కిలోమీటరు ఎత్తు నుంచి 8 మీటర్ల వేగంతో దిగడానికి 125 సెకన్లు పడితే, 4 మీటర్ల వేగంతో 250 సెకన్లు పడుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో గాలి వీస్తున్నప్పుడు మొదటి డబ్బా 625 మీటర్ల దూరంలో, రెండవది 1,250 మీటర్ల దూరంలో పడుతుంది. చెరువు అవతల పడిన డబ్బా క్షేమంగా ఉన్నా చేతికి రాదు. ఇంజనీరింగు అంటే ఇటువంటి బేరాలే. లెక్క తేలిన తరువాత గుడ్డను ఊరి దర్జీ దగ్గరకు తీసుకొనిపోవాలి. దారం ఏది నిలుస్తుంది, కుట్టు ఏ దిక్కుగా వేస్తే చిరగదు, అంచు ఎన్ని మడతలు మడవాలి అనే విషయాలు ఏ పాఠ్యపుస్తకం కంటె అతనికి బాగా తెలుసు. అతని సలహాను పుస్తకంలో అతని పేరుతో సహా రాసుకోవడం మర్యాద.

పుస్తకం అన్నాను కాబట్టి దాని విషయం చెప్పాలి. ప్రతి బృందానికీ ఒక నిత్య నమోదు పుస్తకం ఉండాలి. అది విడి కాగితాలు కాని పుస్తకం కావాలి, తేదీ ఉండాలి, రాసినవారి సంతకం ఉండాలి. ఏ భాషలో ఆలోచిస్తారో ఆ భాషలోనే రాయవచ్చు. తెలుగులో రాస్తే శాస్త్రీయత తగ్గిపోతుందన్న అపోహ కొందరికి ఉంది. పదకొండవ శతాబ్దంలోనే పావులూరి మల్లన గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలలో చెప్పిన భాష మనది. సెన్సరు, బ్యాటరీ వంటి మాటలను అలాగే ఉంచుకొని తక్కినది తెలుగులో రాస్తే స్పష్టతకు లోటు రాదు. లోటు వచ్చేది అస్పష్టమైన వాక్యం వల్ల. “రేడియో సరిగా పనిచేయలేదు” అని రాస్తే మరునాడు చదివినవారికి ఏమీ తెలియదు. “సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు బ్యాటరీ 3.4 వోల్టులకు దిగినప్పుడు రేడియో ఆగింది, బ్యాటరీ మార్చగా తిరిగి పనిచేసింది” అని రాస్తే సగం చికిత్స అక్కడే ఉంది. కర్త, కర్మ, క్రియ, కాలం, కొలత ఉన్న వాక్యం రాయడం భాషా తరగతిలో నేర్చుకోవలసిన విద్యే.

మన కళాశాలల్లో రాకెట్లు ఉండవు. అందుచేత పని ఆగనక్కరలేదు. భూమికి దగ్గరలో ఎత్తు సుమారు 8.3 మీటర్లు పెరిగితే వాయుపీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. బజారులో కొద్దిపాటి ధరకు లభించే బి.ఎం.పి. 280 అనే సెన్సరు సుమారు ఒక మీటరు ఎత్తు తేడాను కూడా పట్టుకోగలదు. డబ్బాను చేతిలో పట్టుకొని కళాశాల భవనం మెట్లెక్కితే చాలు, 12 మీటర్ల ఎత్తుకు దాదాపు ఒకటిన్నర హెక్టోపాస్కల్ తగ్గడం కింద కూర్చొన్నవారి తెరమీద కనబడుతుంది. మెట్ల మలుపు దగ్గర ఆగినప్పుడు గీత అడ్డంగా సాగుతుంది. మొదటిసారి ఆ గీతను చూసినప్పుడు బృందంలో కలిగే ఉత్సాహం ఏ బహుమతికీ తీసిపోదు. తరువాత అధ్యాపకుని సమక్షంలో మేడపై నుంచి ప్యారాచూట్‌తో దించవచ్చు. కింద మనుషులు లేకుండా చూడడం, పిట్టగోడ దాటి వంగకుండా ఉండడం తప్పనిసరి. గట్టి గాలిపటానికి కట్టి ఎగురవేసిన బృందాలు కూడా ఉన్నాయి; అయితే విద్యుత్ తీగలకు దూరంగా, పొలంలోనే చేయాలి. రేడియో విషయంలో దేశానికొక చట్టం ఉంటుంది. ఐరోపా పుస్తకాలలో కనిపించే పౌనఃపున్యాన్ని గుడ్డిగా అనుసరించరాదు. మనదేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీని, నిర్ణీత శక్తికి లోబడి, ప్రత్యేక లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు.

కాలం విషయంలో కళాశాల తెరిచిన నాటి నుంచి సంక్రాంతి సెలవుల దాకా ఉన్నదే నిజమైన గడువు అనుకోవాలి. ఆ తరువాత ప్రయోగ పరీక్షలు, వార్షిక పరీక్షలు, ప్రవేశ పరీక్షలు వరుసగా వచ్చి మీద పడతాయి. దసరా నాటికి భాగాలు విడివిడిగా పనిచేయాలి. మిగిలిన కాలమంతా కలపడానికీ, కలిపినదానిని పరీక్షించడానికీ ఉంచాలి. కలపడం ఒక్క రోజు పని అనుకొన్న బృందం సంక్రాంతికి కూడా టంకం వేస్తూనే ఉంటుంది.

విద్యార్థి బృందాలు ఎంత దూరం పోగలవో చెప్పే ఉదాహరణలు మన నేలమీదనే ఉన్నాయి. 2007 సెప్టెంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ అంతరిక్ష సమ్మేళనం జరిగింది. దానికి హాజరైన కొందరు ఇంజనీరింగు విద్యార్థులకు తామూ ఒక ఉపగ్రహాన్ని చేయాలన్న ఆలోచన కలిగింది. హైదరాబాదు, బెంగళూరు నగరాలకు చెందిన ఏడు కళాశాలల విద్యార్థులు అయిదు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉండి పని పంచుకొన్నారు. వారు నిర్మించిన ‘స్టడ్‌శాట్’ కిలో బరువు కూడా లేదు. 2010 జూలై 12న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి.-సి15 దానిని కక్ష్యలో ప్రవేశపెట్టింది. అదే రోజు బెంగళూరులో విద్యార్థులు ఏర్పరచుకొన్న భూకేంద్రానికి దాని సంకేతం అందింది.

రెండవ ఉదాహరణ మరింత ఆలోచింపజేసేది. చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా అనే సంస్థ ఆధ్వర్యంలో దేశంలోని 75 పాఠశాలలకు చెందిన సుమారు 750 మంది బాలికలు ఒక్కొక్క పాఠశాలకు ఒక చిన్న పరికరం చొప్పున తయారు చేశారు. అవన్నీ కలిపి ‘ఆజాదీశాట్’ అయింది. 2022 ఆగస్టు 7న ఎస్.ఎస్.ఎల్.వి. అనే కొత్త వాహనం తొలి ప్రయాణంలో దానిని తీసుకొని శ్రీహరికోట నుంచి లేచింది. రెండవ దశ విడిపోయేటప్పుడు కలిగిన క్షణకాలపు కంపనాలకు వాహనంలోని కంప్యూటరు సెన్సర్లు చెడిపోయాయని భ్రమపడింది. 356 కిలోమీటర్ల ఎత్తున వర్తులాకార కక్ష్యలో నిలపవలసిన ఉపగ్రహాలను, భూమికి 76 కిలోమీటర్ల దగ్గరకు వచ్చే దీర్ఘవృత్తంలో విడిచింది. అంత తక్కువ ఎత్తులో గాలి వాటిని నిలవనివ్వదు. బాలికల పరికరాలలో దోషం లేదు. అయినా అన్నీ పోయాయి. పోయినది పరికరమే గాని పని తెలిసిన చేతులు పోలేదు. ‘ఆజాదీశాట్-2’ సిద్ధమై, ఆరు నెలల మూడు రోజుల తరువాత, 2023 ఫిబ్రవరి 10న అదే శ్రేణి వాహనం రెండవ ప్రయాణంలో 450 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యను చేరింది.

మన డబ్బా కూడా పోవచ్చు. ప్యారాచూట్ తెరుచుకోకపోవచ్చు, తీగ ఊడవచ్చు, రేడియో మూగబోవచ్చు. సెకనుకొక కొలత చొప్పున 125 సెకన్లలో వచ్చేది 125 వరుసల అంకెలే. ఆరు నెలల శ్రమకు అదే పంట. అందుకే బోర్డులోనే ఒక చిన్న మెమరీ కార్డు ఉంచి, నేలకు పంపినదానిని అక్కడ కూడా నిలువ చేయడం మంచిది. రేడియో విఫలమైనా డబ్బా దొరికితే అంకెలు దొరుకుతాయి. డబ్బా దొరకాలంటే దానిపై అధ్యాపకుని ఫోను నెంబరు, “ఇది విద్యార్థుల ప్రయోగ పరికరం, అపాయం లేదు” అన్న మాట తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. పొలంలో దొరికిన తీగల డబ్బాను చూసి రైతు భయపడే పరిస్థితి కల్పించరాదు.

డబ్బా చేతికి వచ్చిన నాటి సాయంత్రమే అందరూ కూర్చొని అంకెలను గ్రాఫు కాగితంపై ఎక్కించాలి. ఎత్తు పెరిగే కొద్దీ పీడనం తగ్గే గీత నున్నగా వస్తుంది. ఉష్ణోగ్రత గీత మాత్రం తరచు ఆలస్యంగా కదులుతుంది. డబ్బా లోపలి గాలి, బ్యాటరీ వేడి సెన్సరును మోసగిస్తాయి. తప్పు సెన్సరుదా, దానిని అమర్చిన చోటుదా అని వాదించుకోవడానికి అదే తగిన సమయం. ఆ వాదం కూడా పుస్తకంలోకి ఎక్కాలి. ఎందుకంటే రెండవ సంవత్సరం విద్యార్థులు వేసవి రాగానే వెళ్లిపోతారు. బృందంలో ఇద్దరైనా మొదటి సంవత్సరం వారు ఉంటే, పుస్తకం, మిగిలిన తీగలు, కాలిన సెన్సరు, ప్యారాచూట్ కాగితపు నమూనా ఒక పెట్టెలో పెట్టి వారికి అప్పగించాలి. కాలిన సెన్సరుకు ఒక చీటీ కట్టి, అది ఏ తేదీన, ఎన్ని వోల్టులకు కాలిందో రాయడం మరువరాదు.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులకు తగ్గకుండా సమాధానాలు రాయండి.
1. పరికర నిర్మాణంలో తప్పులు భాగాల కలయిక దగ్గరనే ఎక్కువగా కలుగుతాయని రచయిత ఏయే ఉదాహరణలతో నిరూపించాడు?
2. విద్యార్థి బృందంలో పని పంపకం ఎలా ఉండాలో పాఠం ఆధారంగా చర్చించండి. రచయిత అభిప్రాయాలలో మీరు అంగీకరించని అంశం ఏదైనా ఉంటే కారణంతో రాయండి.

ఆ) కింది ప్రశ్నలకు అయిదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్యాన్‌శాట్‌ను ఉపగ్రహం అనడం లక్ష్యార్థం ఎలా అవుతుంది?
2. ప్యారాచూట్ వైశాల్యం పెరిగితే కలిగే లాభనష్టాలు ఏమిటి?
3. ఎఱ్ఱన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన తీరును రచయిత ఎందుకు ప్రస్తావించాడు?

ఇ) “నిన్న ప్రయోగం సరిగా జరగలేదు” అనే వాక్యాన్ని నమోదు పుస్తకానికి తగినట్లు కాలం, కొలత, కారణం తెలిసేలా తిరిగి రాయండి.